ఇంట్లోనే విమానం!

చెక్క, జిగురు, గాజుగుడ్డ, నురగ దిమ్మలు... వీటితో బొమ్మ విమానం చేయొచ్చు. మనిషి కూర్చుని ఎగిరే అసలు విమానం కూడా చేయొచ్చు! ప్రపంచంలో వేలమంది చేశారు. కొలువుకు వెళ్లొచ్చాక రాత్రిళ్లు, సెలవు రోజుల్లో, కారు షెడ్డులో కూర్చుని. డబ్బున్న సరదా అనుకుంటే పొరపాటే. తన చేతిపనిని నమ్మి తన ప్రాణాన్ని అందులో కూర్చోబెట్టుకునే వ్యవహారం అది.

సాయంత్రం ఆరున్నరకి కొత్తగూడ చౌరస్తాలో ఇరుక్కుపోయిన వాళ్లనెవరినైనా కదిపి చూడండి. 'రెక్కలుంటే బావుణ్ను' అంటారు. 2023 జనవరి 1న ఫ్లైఓవర్ తెరిచారు. కొంత ఊపిరాడింది. అయినా ఆ నిట్టూర్పు మాత్రం పోలేదు.

సిగ్నల్ పడగానే ఆ మాట మరిచిపోతాం. కానీ కొందరు మరిచిపోలేదు. ఇంటికెళ్లి రంపం చేతికి తీసుకున్నారు. ఏళ్ల తరబడి చెక్క కోశారు, జిగురు కలిపారు, గుడ్డ అతికారు. ఓ రోజు తెల్లవారుజామున ఆ వస్తువును రన్‌వే మీదికి తోసుకెళ్లి, అందులో ఎక్కి ఎగిరిపోయారు.

కారు స్థలంలో విమానం

విమానం అనగానే మనకు శంషాబాద్‌లో కనిపించే భారీ శాల్తీలే గుర్తొస్తాయి. అంత అక్కర్లేదు. కేఆర్-2 అని ఓ చిన్న విమానం ఉంది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కెన్ రాండ్, స్టువర్ట్ రాబిన్సన్ అనే ఇద్దరు రూపొందించారు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. మొదట 1972లో ఒక్కరు కూర్చునే కేఆర్-1 ఎగిరింది. తర్వాత ఇద్దరు పట్టే కేఆర్-2 వచ్చింది.

దాని పొడవు నాలుగున్నర మీటర్ల లోపే. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుంపావు మీటర్లు. రెక్కల కొసల్ని విడదీస్తే, కొత్తగూడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా ఒక కారుకి కేటాయించే స్థలంలో దాని ఒళ్లు పట్టేస్తుంది! ఖాళీ బరువు దాదాపు 220 కిలోలు. అంటే పాత మారుతీ 800లో మూడో వంతు. ఇంజిను మాత్రం నిజంగా కారుదే. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకి వాడే, నీళ్లతో పని లేకుండా గాలికే చల్లబడే ఇంజిన్ను సరిచేసి ముందు బిగిస్తారు.

ఒంటికి చెక్క చట్రం, దాని మీద ప్లైవుడ్. రెక్కలకి మధ్యలో చెక్క దూలాలు, ఆ చుట్టూ నురగ దిమ్మలు, పైన గుడ్డ, గుడ్డని పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు. సగం వడ్రంగం, సగం కొత్తకాలపు కాంపోజిట్ విద్య. రివెట్లు కొట్టే పెద్ద యంత్రాలు, అచ్చులు, కొలుములు అక్కర్లేదు. గ్యారేజీలో కుదిరే పని కాబట్టే వేలమంది దాని నమూనా పటాలు కొనుక్కున్నారు.

ఈ పిచ్చి అంతకుముందే మొదలైంది. 1953లో అమెరికాలోని మిల్వాకీ దగ్గర పాల్ పోబరెజ్నీ అనే పైలట్, సొంతంగా విమానాలు కట్టుకునే కొద్దిమందిని పోగుచేసి ఓ సంఘం పెట్టాడు. పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. రెండేళ్ల తర్వాత 'ఎనిమిది వందల డాలర్ల లోపు విమానం కట్టుకోవచ్చు' అని ఓ పత్రికలో రాసేసరికి జనం ఎగబడ్డారు. ఇప్పుడు ఏటా జులైలో ఓష్‌కోష్ అనే ఊళ్లో ఆ సంఘం జరిపే జాతరకి పదివేల దాకా విమానాలు వచ్చి వాలతాయి. వాటిలో ఇళ్లలో పుట్టినవీ బోలెడు.

అక్కడా మక్కే!

కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారో మనకి తెలుసు. తేలికైన తెల్లపొణికి చెక్కని చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మూలలు నునుపు చేస్తారు. రంగులు వేస్తారు.

ఇంట్లో విమానం కట్టేవాళ్లదీ దాదాపు అదే వరస. చెక్కకి బదులు రెక్కలో నురగ దిమ్మ. అది మనం చూసే థర్మోకోల్‌కి దగ్గరి చుట్టం. మక్కుకి బదులు ఎపాక్సీలో కంటికి కనిపించనంత సన్నటి గాజు బుడగల పొడి కలిపిన ముద్ద. పిండిలా తేలిగ్గా ఉంటుంది. అతుకుల మూలల్లో దాన్ని వేలితో గుండ్రంగా దిద్దుతారు. బలం కావాల్సిన చోట గాజు బుడగలు తీసేసి, తరిగిన నూలు పీచు కలుపుతారు.

అసలు కిటుకు పొరల్లో ఉంది. నురగ దిమ్మని చేత్తో విరిచేయొచ్చు. గాజుగుడ్డ ఒంటరిగా ఉంటే చీరలా వేలాడుతుంది. రెండింటినీ ఎపాక్సీ కలిపితే మాత్రం మనిషి ఎక్కి నిలబడ్డా వంగని రెక్క అవుతుంది. పైపొర సాగకుండా, కింది పొర నలగకుండా చూస్తే, మధ్యలోని నురగ ఆ రెంటినీ ఎడంగా పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన మస్కిటో విమానంలోనూ ఇదే సూత్రం. ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క. దాన్ని కట్టడానికి కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగుల్ని కూడా పిలిచారు.

కాంపోజిట్ల బలం హైదరాబాద్‌కి కొత్త కాదు. అబ్దుల్ కలాం ఇక్కడి రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసే రోజుల్లో, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికైన కాంపోజిట్‌తో నిమ్స్ వైద్యులు అడిగిన కాలిపర్లు చేయించారు. పోలియో పిల్లలు కిలోల బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ తిరిగేవారు. కొత్తవి కొన్ని వందల గ్రాములే. తన జీవితంలో అమితానందం ఇచ్చిన పనుల్లో అదొకటని ఆయన చాలా సభల్లో చెప్పారు.

ఇద్దరు పట్టాల్సిన తీగ

గాజుగుడ్డ, నురగలతో అచ్చులు లేకుండా విమానం కట్టే పద్ధతిని ఇళ్లలోకి తెచ్చినవాడు బర్ట్ రుటాన్. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ఓ చిన్న షెడ్డు అతని కార్ఖానా. 1975లో అతని వేరీ-ఈజీ ఎగిరింది. 1979లో లాంగ్-ఈజీ. రెండూ చూడ్డానికి వింతగా ఉంటాయి. తోక ముందుంటుంది, ఇంజిను వెనకుంటుంది! నేల మీద నిలిపినప్పుడు ముందు చక్రం మడిచి, ముక్కు నేలకి ఆనించి, నమస్కారం పెడుతున్నట్టు ఉంటాయి.

ముందున్న ఆ చిన్న రెక్క అలంకారం కాదు. వేగం మరీ తగ్గితే పెద్ద రెక్క పట్టు తప్పకముందే చిన్న రెక్క పట్టు సడలుతుంది. ముక్కు కాస్త కిందికి వాలుతుంది. వేగం మళ్లీ పుంజుకుంటుంది.

రెక్క కోసే పని చూడముచ్చటగా ఉంటుంది. దిమ్మకి రెండు చివర్లా రెక్క ఆకారంలో కోసిన పలకలు బిగిస్తారు. వాటి అంచున వరుసగా అంకెలు వేస్తారు. కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగని ఇద్దరు చెరో కొసా పట్టుకుంటారు. ఒకరు 'ఇరవై... ఇరవై ఒకటి...' అని పలుకుతుంటే, ఇద్దరూ ఒకేసారి ఆ అంకె దగ్గరికి చేరాలి. ఒకరు తొందరపడితే రెక్కలో గాడి పడుతుంది. ఎన్నో ఇళ్లలో ఆ రెండో కొస పట్టుకున్నది భార్యే. లేదంటే పక్కింటాయన.

తర్వాత గుడ్డ పరిచే పని. ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే ద్రవం చెప్పిన పాళ్లలోనే కలపాలి. కంటి అంచనాలు కుదరవు, తక్కెడ కావాలి. ఎక్కువ కలిపి గిన్నెలో ఉంచేస్తే దానంతటదే కాగి పొగలు కక్కుతుంది. మన మే నెల ఎండల్లోనైతే చేతిలో ఉండగానే బిగుసుకుపోతుంది. వానాకాలం తేమ దానికి మరో శత్రువు. చేతి తొడుగులు, గాలాడే చోటు తప్పనిసరి. చర్మానికి పదేపదే తగిలితే కొందరికి జీవితాంతం పడకుండా పోతుంది.

ఇంకో సంగతి గమనించారా? ఇలాంటి విమానాలు దాదాపు అన్నీ తెల్లగానే ఉంటాయి. అది ఫ్యాషన్ కాదు. ముదురు రంగు ఎండని తాగుతుంది. ఒళ్లు వేడెక్కితే ఎపాక్సీ మెత్తబడుతుంది. పెట్రోలు ట్యాంకు దగ్గరా అంతే జాగ్రత్త. థర్మోకోల్ ముక్క మీద పెట్రోలు చుక్క వేస్తే ఏమవుతుందో చిన్నప్పుడు చూసే ఉంటారు. అందుకే ట్యాంకుల దగ్గర వాడే నురగే వేరు.

చెక్క విరగాలి!

ఈ పనిలో ఓ పాత ఆచారం ఉంది. చెక్కకి చెక్క అతికిన ప్రతిసారీ, అదే గిన్నెలోని జిగురుతో రెండు చిన్న ముక్కలు కూడా అతికి పక్కన పెడతారు. ఆరాక వాటిని సుత్తితో కొట్టి విరుస్తారు. చెక్క చీలి విరిగిందా, అతుకు మంచిది. జిగురు ఉన్నచోట ఊడిపోయిందా, ఆ పూట అతికిందంతా పీకేసి మళ్లీ మొదలెట్టాల్సిందే. మూడు నెలల పనైనా సరే.

చూడ్డానికి ఎవరూ ఉండరు. రాత్రి పదకొండింటికి షెడ్డులో తానొక్కడే. ఊడిన ముక్కని చెత్తబుట్టలో పడేసి పడుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ ఆ రెక్క మీద ఎగరాల్సింది తనే. పక్క సీట్లో కూర్చునేది తన పిల్లలే. అమెరికాలో ఈ విమానాల్ని అధికారులు చూసి అనుమతిస్తారు. సగానికి మించిన పని సొంతంగా చేసి ఉండాలంటారు. లోపలికి ఎక్కేచోట 'ఎక్స్‌పెరిమెంటల్' అని పెద్ద అక్షరాలతో రాయాలంటారు. మొదట కొన్ని పదుల గంటలు ప్రయాణికుల్ని ఎక్కించుకోకుండా, నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలంటారు. అయినా మూసేసిన రెక్క లోపల ఏముందో పూర్తిగా తెలిసింది కట్టినవాడికే.

ఒక చిన్న మార్పు

అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ పాటలు మన కుర్రాళ్లకీ తెలుసు. ఆయన పైలట్ కూడా. 1997లో ఒక లాంగ్-ఈజీ కొనుక్కున్నాడు. దాన్ని కట్టింది ఆయన కాదు, ఎవరో. ఆ ఏడాది అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో ఎగురుతూ సముద్రంలో కూలి చనిపోయాడు.

దర్యాప్తులో తేలింది వింటే ఒళ్లు జలదరిస్తుంది. రుటాన్ డిజైన్‌లో ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి పెట్రోలు మార్చే పిడి పైలట్‌కి ఎదురుగా, చేతికి అందేచోట ఉంటుంది. ఈ విమానం కట్టినవాళ్లు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చారు. పిడి మీద గుర్తుల్లేవు. ఇంధనం ఎంత ఉందో చూపే గేజీల మీదా గుర్తుల్లేవు. అది అందదని డెన్వర్‌కీ తెలుసు. పట్టకారుతో తిప్పాలని చూశారు. బయల్దేరే ముందు పెట్రోలు పోయించుకోలేదు. గాల్లో ఉండగా వెనక్కి తిరిగి పిడి అందుకోబోతూ తెలియకుండానే కుడికాలితో పెడల్ నొక్కి ఉంటారని దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ విమానంపై తగినంత సాధన లేకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది.

రెక్క విరగలేదు. జిగురు ఊడలేదు. ఒక పిడి చోటు మారింది, కొన్ని గీతలు గీయలేదు. అందుకే 'నమూనా పటంలో ఉన్నది ఉన్నట్టు కట్టు' అన్నది ఈ లోకంలో మొదటి పాఠమైంది.

చెక్క విమానం నుంచి అంతరిక్షానికి

మైక్ మెల్విల్ కథ ఇంకోలాంటిది. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికా వెళ్లిన యంత్రాల పనివాడు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. రుటాన్ తొలి డిజైన్ వేరీ-విగెన్‌ని భార్య శాలీతో కలిసి ఇంట్లో కట్టాడు. అది చాలావరకు చెక్కతో చేసే విమానం. కట్టాక ఊరుకోక, 1978లో దాన్ని రుటాన్‌కి చూపించడానికి మొహావీ తీసుకెళ్లాడు. ఆ పనితనం చూసి రుటాన్ దంపతులిద్దరికీ ఉద్యోగం ఇచ్చాడు.

1986 డిసెంబరులో రుటాన్ డిజైన్ చేసిన కాంపోజిట్ విమానం వాయేజర్ ఎక్కడా ఆగకుండా, గాల్లో ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టొచ్చింది. నడిపింది అతని అన్న డిక్ రుటాన్, జీనా యేగర్. ఇంధనం బరువుకి రెక్కల కొసలు రన్‌వే మీద ఈడ్చుకుపోయినా ఆగలేదు. పదకొండేళ్ల తర్వాత డిక్ రుటాన్, మెల్విల్ కలిసి ఇంట్లో కట్టిన రెండు లాంగ్-ఈజీల్లో మళ్లీ ప్రపంచం చుట్టారు, ఈసారి మజిలీలు చేసుకుంటూ.

ఇక 2004 జూన్ 21. రుటాన్ బృందం కట్టిన స్పేస్‌షిప్‌వన్ వంద కిలోమీటర్ల ఎత్తు దాటింది. ప్రభుత్వాలు కాకుండా ప్రైవేటు డబ్బుతో మనిషి అంతరిక్షానికి వెళ్లడం అదే మొదటిసారి. లోపల కూర్చున్నది మెల్విల్! అప్పటికి అతనికి 60 ఏళ్లు దాటాయి. ఒకప్పుడు ఇంట్లో చెక్క అతికిన చేతులే అవి.

ఆ కథ మన గడప దాకా వచ్చింది. స్పేస్‌షిప్‌వన్ తర్వాతి తరం వ్యోమనౌక యూనిటీలో 2021 జులై 11న అంతరిక్షపు అంచు చూసొచ్చిన వాళ్లలో గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష ఉన్నారు. ఆ రోజు తెలుగిళ్లలో టీవీల ముందు చప్పట్లు కొట్టిన చాలామందికి తెలియని సంగతొకటుంది. ఆ నౌక వంశవృక్షం వేళ్లు కారు షెడ్లలో పుట్టిన గాజుగుడ్డ విమానాల్లోనే ఉన్నాయి.

మన గడ్డ మీద

చెక్క రెక్కలు మన దేశానికీ కొత్త కాదు. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం ఒకప్పుడు ఇంజిను లేని గ్లైడర్లు డిజైన్ చేసింది. పేర్లు వింటే పంచాంగం చదువుతున్నట్టే. అశ్విని, భరణి, రోహిణి, మృగశీర! అన్నీ చెక్కతో చేసినవే.

రుటాన్ లాంగ్-ఈజీ కూడా మనకి వచ్చింది. బెంగళూరులోని ఎన్ఏఎల్ శాస్త్రవేత్తలు కాంపోజిట్ పని చేతులారా నేర్చుకోవడానికి ఆ డిజైన్‌నే ఎంచుకుని కట్టారు. 1987లో అది ఎగిరింది. ఆ అనుభవం ఊరికే పోలేదు. 1993లో కాంపోజిట్ శిక్షణ విమానం హంస ఎగిరింది. 2000లో దానికి ధ్రువపత్రం వచ్చింది. కొత్త రూపం హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరులో గాల్లోకి లేచింది. ఇళ్లలో కట్టుకునే డిజైన్ ఒకటి జాతీయ ప్రయోగశాలకి ఓనమాలు దిద్దించిందన్నమాట.

ఒంటరిగా కట్టినవాళ్లూ ఉన్నారు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలీలో తాముండే భవనం మేడ మీదే ఆరు సీట్ల లోహ విమానం కట్టాడు. 1998లో మొదలుపెడితే మొదటి ప్రయత్నం దెబ్బతింది. రెండోది ఎగరలేదు. మూడోదాన్ని విప్పి కిందికి దించి 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి వచ్చాయి. అంటే అనుమతి కాగితం చేతికొచ్చేసరికి రెండు దశాబ్దాలు దాటాయి! మన దేశంలో ఏ విమానానికైనా డీజీసీఏ రిజిస్ట్రేషన్, అనుమతి లేనిదే నేల వదిలే వీల్లేదు. ఎగిరేచోటు సంగతి మరోటి. హైదరాబాద్ చుట్టూ హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు, శంషాబాద్ ప్రయాణికుల విమానాలు. సరదాకి ఎవరుపడితే వాళ్లు తిరిగే ఆకాశం కాదిది.

సెల్లార్‌లో ఖాళీ గడి

అయితే ఈ చుట్టుపక్కల విమానం లేదనుకోవద్దు. కొత్తగూడ పక్కనే మాదాపూర్‌లోని సైయెంట్ ఇంజినీర్లు ఏళ్లుగా ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల డిజైన్ పనుల్లో ఉన్నారు. అటు ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు, సి-130జె విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. తెర మీద గీసే చేతులున్నాయి. లోహం అతికే చేతులూ ఉన్నాయి. ఒక విమానాన్ని మొదటి గీత నుంచి చివరి రంగు దాకా ఒక్కరే చేసే అవకాశం మాత్రం ఆ రెండు చోట్లా రాదు. పెద్ద పరిశ్రమ తీరే అంత.

ఇంట్లో విమానం కట్టేవాళ్లు వెతుక్కునేది సరిగ్గా దాన్నే. చాలామంది మధ్యలో వదిలేస్తారు. రెక్కలు పూర్తయి, ఇంజిను కొనలేక అటకెక్కిన విమానాలు ప్రపంచంలో బోలెడు. పూర్తిచేసినవాళ్లకి మాత్రం ఆ మొదటి పూట మరుపు రాదు. మూడు తూకాల మీద మూడు చక్రాలూ నిలిపి బరువు ఎక్కడుందో లెక్కేస్తారు. రోజుల తరబడి రన్‌వే మీద అటూ ఇటూ పరిగెత్తించి చూస్తారు. చివరికో రోజు గాలి లేని వేళ చూసుకుని, ఒక్కరే ఎక్కుతారు. ఇంట్లోవాళ్లు కంచె దగ్గర నిలబడతారు. తీగ రెండో కొస పట్టుకున్నావిడ కూడా. ఆ క్షణంలో ఆమెకి గుర్తొచ్చేది విరిచి చూసిన చెక్కముక్కలే.

మన పిల్లలకి అంత దూరం ఇప్పుడే అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఒక బాల్సా గ్లైడర్ చాలు. రెక్క అతికాక, అదే జిగురుతో రెండు ముక్కలు అతికి పక్కన పెట్టమనండి. తెల్లారి విరిచి చూడమనండి. చెక్క విరిగితే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ పక్క నుంచి ఏదైనా ఖాళీ మైదానానికి తీసుకెళ్లి ఎగరేయండి. జిగురు ఊడితే... మళ్లీ అతకమనండి!